పాట ముగియకముందే చప్పట్లు

నిదానం గారు ఎడిటింగ్ గది గుమ్మంలో చెప్పులు విడిచి, వాటిని గోడవారగా జరిపి లోపలికి వచ్చేసరికి, ఎడిటరమ్మ తెర మీద ఒకే ముక్కని వెనక్కీ ముందుకీ తిప్పుతోంది. తెర మీద ఒక పెద్దాయన ఎర్రటి ఫిడేలు వాయిస్తున్నాడు. స్వరం ఇంకా సాగుతుండగానే ఆయన కమాను ఆగిపోతోంది. స్వరం ఆగాక కమాను కదులుతోంది. ఆమె మౌస్ కొంచెం జరిపింది. ఈసారి మొదలు కుదిరి చివర చెడింది.

"వచ్చారా బాబాయ్ గారూ. కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని చెయ్యి ఊడింది."

"చెయ్యి నాకెందుకమ్మా, నడుం ఆనితే చాలు," అంటూ ఆయన ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది కానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. డిటెక్టివ్ పనిలో జుట్టు నెరిసింది గానీ, ఎవరి వెనకా పరిగెత్తిన పాపాన పోలేదు. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, భార్య చేతి కాఫీ తాగి, అప్పుడు గాని గడప దాటడు. లోకం ఆయన్ని నిదానం గారనే పిలిచింది. ఆయనా అదేదో బిరుదైనట్టు సంతోషంగానే పలికాడు.

"సాయంత్రం లోపు మా ఆయన్ని అరెస్టు చేసి తీసుకెళ్తారట," అంది ఎడిటరమ్మ. గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం మౌస్ మీద బిగుసుకుపోయింది. "ఇన్‌స్పెక్టర్ గారు నిన్న వచ్చి చెప్పి వెళ్ళారు."

"నాకూ ఫోన్ చేసి చెప్పాడు. మా అక్క కొడుకే కదా. 'మావయ్యా, ఈ కేసు అయిపోయింది, నువ్వు ఇంట్లో పడుకో' అన్నాడు. పడుకుంటే మీ పిన్ని ఊరుకోదు, బీరువా సర్దమంటుంది. అందుకని వచ్చాను."

ఆమె నవ్వబోయి ఆగింది.

జరిగింది ఇదీ. ఆదివారం నాడు స్టూడియో పై హాల్లో ఒక పాటకి వీడియో తీశారు. గాయని పాడుతుంటే ఫిడేలు మాస్టారు పక్కన కూర్చుని వాయిస్తారు. అంటే వాయిస్తున్నట్టు కనబడతారు. పాట ముందే రికార్డయిపోయింది, స్పీకర్లో వినిపిస్తూ ఉంటే దానికి తగ్గట్టు పెదాలూ చేతులూ కదపడమే అక్కడి పని. మాస్టారి సొంత ఫిడేలు నాలుగు తరాల నుంచి వస్తున్నది. దాని రంగు వెనకున్న తెరలకి నప్పలేదని డైరెక్టర్ కొత్తగా మెరిసే ఎర్ర ఫిడేలు తెప్పించి ఆయన చేతికిచ్చాడు. పాతది దాని పెట్టెతో సహా పక్కనున్న వాయిద్యాల గదిలో అల్మరాలో పెట్టారు. షూటింగ్ అయ్యాక మాస్టారు ఉత్త చేతులతోనే ఇంటికి వెళ్ళారు. మర్నాడు మేనేజరు అల్మరా తెరిస్తే ఖాళీ. ఆ గదికి హాల్లోంచి తప్ప మరో దారి లేదు. హాల్లో ఉన్నది అయిదుగురే. డైరెక్టర్, గాయని, మాస్టారు, లైట్ల మనిషి, ఈమె భర్త సౌండ్ ఇంజనీరు.

"ఆ అయిదుగురిలో మా ఆయన్నే ఎందుకు పట్టుకున్నారో తెలుసు కదా?"

"తెలుసు. కానీ నీ నోటితో చెప్పు. వాడు చెప్పింది వాడి తొందరలో విన్నాను."

ఎడిటరమ్మ చెప్పింది. స్పీకర్లో పాట మోగుతున్నా హాల్లో పుట్టే శబ్దాన్ని కూడా సౌండ్ ఇంజనీరు రికార్డర్‌లో పట్టి ఉంచుతాడు. చివరి పాటలో అది వినబడదు, బొమ్మకీ పాటకీ జత కలపడానికి గుర్తుగా మాత్రం పనికొస్తుంది. ఆ రికార్డర్లో, పాట సగం దాటాక, అల్మరా తలుపు ధబ్‌మని పడ్డ చప్పుడు ఉంది. పాత కాలపు చెక్క తలుపు అది, తోస్తే గాని పడదు. ఇక డైరెక్టర్ తన ఫోన్ని ఓ మూల స్టాండుకి తగిలించి, హాలంతా కనబడేలా వీడియో పెట్టాడు. షూటింగ్ ఎలా జరిగిందో తర్వాత జనానికి చూపించుకోవాలని. పాట ముందే బయటికి పొక్కుతుందన్న భయంతో ఆ ఫోన్లో శబ్దం మాత్రం ఆపేశాడు. ఇన్‌స్పెక్టర్ ఆ మూగ వీడియోనీ, ఈ రికార్డర్ శబ్దాన్నీ ఒకచోట కలిపి ఇమ్మన్నాడు. ఎడిటరమ్మ కలిపి ఇచ్చింది. ధబ్‌మన్న చప్పుడు వచ్చిన చోట బొమ్మలో నలుగురు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. సౌండ్ ఇంజనీరు కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది.

"కలిపింది నేనే బాబాయ్ గారూ," అంది ఆమె. "నా చేత్తో కలిపి, నా చేత్తో ఇచ్చాను."

"చెయ్యి చేసిందాన్ని చెయ్యే సరిచేస్తుంది. మీ ఆయన ఎక్కడ?"

"పక్క గదిలో. తీగలు చుట్టి పెడుతున్నారు. చుట్టినవే విప్పి మళ్ళీ చుడుతున్నారు."

*

సౌండ్ ఇంజనీరు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, మాటకి ముందు ఒక క్షణం ఆగే అలవాటు. నిదానం గారు ఆయన ఎదురుగా ఒక స్టూలు లాక్కున్నాడు.

"ఫిడేలు మాస్టారు మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"పదేళ్ళ వయసు నుంచండి. ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఇల్లు గడవాలి కదా, ఈ పనిలోకి వచ్చి అది మానేశాను."

"ధబ్‌మన్న చప్పుడు మీరు విన్నారా?"

"విన్నాను. హెడ్‌ఫోన్స్‌లో గట్టిగా తగిలింది. ఇప్పుడెవరు తలుపేస్తున్నారా అని అటు చూశాను కూడా."

"అప్పుడెక్కడున్నారు?"

"నా బల్ల దగ్గర, నా కుర్చీలో."

"వీడియోలో మీ కుర్చీ ఖాళీగా ఉంది."

"లేచిన మాట నిజమే. కానీ అది తర్వాత. పాట మధ్యలో లైట్లు తగ్గించి గాయని గారి మీద ఒక్క దీపమే ఉంచారు. ఆ చప్పుడు ఆ మసక వెలుతుర్లోనే వచ్చింది. మళ్ళీ లైట్లు వేశాక, స్పీకర్ తీగ ఊడిందని గాయని గారు సైగ చేస్తే వెళ్ళి పెట్టొచ్చాను."

"వీడియోలో చప్పుడు వచ్చేసరికి లైట్లన్నీ వెలుగుతున్నాయట."

సౌండ్ ఇంజనీరు ఒక క్షణం ఆగాడు. "బొమ్మ సంగతి నాకు తెలియదండి. నేను విన్నది చెప్పాను."

మనిషి కళ్ళు తిప్పుకోలేదు. నిదానం గారు మోకాలు రుద్దుకుంటూ అసలు ప్రశ్న తీశాడు.

"షూటింగ్ మొదలవకముందు మీరూ మాస్టారూ ఆ వాయిద్యాల గదిలో తలుపేసుకుని మాట్లాడుకున్నారని మేనేజరు చెప్పాడు. ఏం మాట్లాడుకున్నారు?"

"అది చెప్పనండి."

"చెప్పలేరా, చెప్పరా?"

"చెప్పను."

"మీ ఆవిడ అవతల కన్నీళ్ళు మింగుతూ పని చేస్తోంది నాయనా."

తీగ చుట్టే చెయ్యి ఆగింది. "తెలుసండి. ఇంకేదైనా అడగండి, దాచను. ఇది మాత్రం నాది కాదు."

ఇది మాత్రం నాది కాదు. ఆ మాటని నిదానం గారు రెండుసార్లు మనసులో అనుకున్నాడు. దొంగ ఎప్పుడూ నాదేనంటాడు. నాది కాదంటున్నాడంటే ఇంకెవరిదో మోస్తున్నాడు. ఒక మనిషి మాట నిలబెట్టుకుంటే రెండో మనిషి కన్నీళ్ళు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు, ఏది ధర్మమో దేవుడు ఎక్కడైనా విడమరిచి చెప్పాడా అని ఆయనకి సందేహం వచ్చింది. చెప్పే ఉంటాడు, మనకే వినబడి ఉండదు అనుకుని లేచాడు.

*

"అమ్మాయీ, ఆ ఫోన్ వీడియో, ఈ శబ్దం కలిపి ఒకసారి చూపించు. మొదటినుంచి చివరిదాకా."

"చప్పుడు దాకా చూస్తే చాలన్నారు ఇన్‌స్పెక్టర్ గారు."

"వాడికి చిన్నప్పటినుంచీ అంతే. కథలో రాక్షసుడు రాగానే లేచి పోయేవాడు. మనం మంగళం దాకా చూద్దాం."

వీడియో మొదలైంది. లైట్ల మనిషి కెమెరా ముందుకొచ్చి క్లాప్ కొట్టాడు. చెక్క చెక్కకి తగలడం, టక్‌మన్న శబ్దం రావడం సరిగ్గా ఒక్కటయ్యాయి. "ఇక్కడ కలిపాను," అంది ఆమె. పాట సాగింది. కొంతసేపటికి లైట్లు తగ్గాయి. అయినా బొమ్మ చీకటి పడలేదు, కాస్త గరుకుగా మారిందంతే.

"లైట్లు తగ్గినా హాలు కనబడుతోందే."

"ఫోన్ కదా, వెలుగు తగ్గితే తనంతట తనే పెంచుకుంటుంది."

మళ్ళీ లైట్లు వచ్చాయి. సౌండ్ ఇంజనీరు లేచి బొమ్మలోంచి పక్కకి వెళ్ళాడు. అప్పుడు స్పీకర్లోంచి ధబ్‌మని చప్పుడు వచ్చింది. మాస్టారు తన కుర్చీలో ఎర్ర ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎడిటరమ్మ తల వంచుకుంది.

"ఆపకు," అన్నాడు నిదానం గారు.

పాట సాగుతూనే ఉంది. గాయని గొంతు ఆఖరి చరణం అందుకుంది. తెర మీద మాత్రం డైరెక్టర్ కెమెరా దించేశాడు. లైట్ల మనిషి, గాయని, మాస్టారు, అందరూ నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు. స్పీకర్లో ఆఖరి చరణం ఇంకా సగం కూడా కాలేదు.

నిదానం గారు ముందుకి వంగాడు. "ఇదేమిటమ్మా, ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, పాట అవకముందే చప్పట్లు కొట్టేస్తున్నారు?"

ఎడిటరమ్మ వీడియో వెనక్కి తిప్పింది, చప్పట్ల దగ్గర ఆపింది, శబ్దంలో చప్పట్లు ఎక్కడున్నాయో వెతికింది. రెండింటి మధ్యా దాదాపు అర నిమిషం ఎడం ఉంది. ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అయ్యో, నా బుద్ధి ఎటు పోయింది బాబాయ్ గారూ. ఇది ఫోన్ వీడియో."

"అది ముందే చెప్పావుగా."

"చెప్పాను గానీ ఆలోచించలేదు. పెద్ద కెమెరా సెకనుకి ఎన్ని బొమ్మలు తియ్యమంటే అన్నే తీస్తుంది, చీకటైనా వెలుతురైనా. ఫోన్ అలా కాదు. వెలుగు తగ్గితే ఒక్కో బొమ్మకి ఎక్కువ సేపు తీసుకుంటుంది. సెకనుకి తీసే బొమ్మలు సగానికి పడిపోతాయి. ఈ సాఫ్ట్‌వేర్ అది చూసుకోకుండా అన్నిటినీ ఒకే వేగంతో పేర్చేసింది. లైట్లు తగ్గిన నిమిషం బొమ్మలో అర నిమిషం అయిపోయింది. అక్కడినుంచి బొమ్మ ముందుకి పరిగెత్తింది, శబ్దం వెనకబడింది."

నిదానం గారు దాన్ని తన భాషలోకి తెచ్చుకున్నాడు. "అంటే అడుగులు లెక్కపెట్టి, ఇంతసేపు నడిచాడని చెప్పేశాం. మధ్యలో బురద వచ్చి మనిషి మెల్లగా నడిచిన సంగతి చూడలేదు."

"అంతే. అదే ఫోన్లో చూస్తే ఈ తేడా ఉండదు. ఇక్కడికి తెచ్చి పెట్టేటప్పుడే ముందు సరిచేసుకోవాలి, రోజూ చేసేదాన్నే. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ గారు వెనక నిలబడి గడియారం చూసుకుంటున్నారు. మొదట్లో క్లాప్ కుదిరింది కదా అని ఇచ్చేశాను."

"సరిచెయ్యి తల్లీ. గడియారాలున్నవాళ్ళని నేను చూసుకుంటాను."

ఆ మాట పూర్తవకుండానే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. చెప్పులు విడిచే చోట విడవకుండా ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చేశాడు.

"నువ్విక్కడున్నావా మావయ్యా."

"రా బుజ్జీ."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "డ్యూటీలో ఉన్నప్పుడు ఆ పేరు వద్దని చెప్పాను."

"సరే ఇన్‌స్పెక్టర్ బుజ్జి గారూ. ముందు ఆ బూట్లు విప్పండి. ఇక్కడ మిషన్లకి దుమ్ము పడదు."

ఇన్‌స్పెక్టర్ గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళి బూట్లు విప్పాడు. ఒక సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు. నిదానం గారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. తగువులో దాన్ని వాడుకోవడం మర్యాద కాదు.

"నా దగ్గర వీడియో ఉంది, శబ్దం ఉంది, మాట దాస్తున్న మనిషి ఉన్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇంకేం కావాలి?"

"ఆ వీడియో నువ్వు చివరిదాకా చూశావా?"

"అవసరమేముంది? దొంగ దొరికాక సినిమా చూస్తూ కూర్చుంటారా?"

"క్లాప్ ఒక్కచోట కుదిరితే పాటంతా కుదిరినట్టే అనుకున్నావు. పెళ్ళిచూపుల్లో నవ్విందని కాపురమంతా నవ్వుతూనే ఉంటుందనుకున్నట్టు."

"సామెతలతో కేసులు తేలవు మావయ్యా. అందుకే నీకు నిదానం అని పేరొచ్చింది."

"నీకు ఇంకా ఏ పేరూ రాలేదు. అది చూసుకో. మీ అమ్మ మొన్న అడిగింది, వాడు బాగా చేస్తున్నాడా అని. బాగానే చేస్తున్నాడన్నాను. నా మాట పోనివ్వకు."

అమ్మ మాట రాగానే ఇన్‌స్పెక్టర్ కాస్త తగ్గాడు, కానీ పూర్తిగా కాదు. "సరిచేసి చూపించండి. తేడా లేకపోతే ఆయన్ని ఇప్పుడే తీసుకెళ్తాను. ఈలోగా మా వాళ్ళు వీళ్ళ ఇల్లు వెతుకుతున్నారు."

ఇల్లు వెతుకుతున్నారన్న మాటకి ఎడిటరమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అయినా ఆపలేదు. ఫోన్ వీడియోని ముందు సమానమైన వేగానికి మార్చింది, మళ్ళీ క్లాప్ దగ్గర కలిపింది. ముందు చివరికి వెళ్ళింది. తెర మీద అరచేతులు కలిశాయి. స్పీకర్లో చప్పట్లు మోగాయి. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు.

"మొదలూ చివరా రెండూ కుదిరాయి," అంది. "ఇప్పుడు మధ్యలో చూడండి."

మసక వెలుతురు. గాయని మీద ఒక్క దీపం. గరుకు బొమ్మలో, తన బల్ల దగ్గర, సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు. ధబ్‌మంది స్పీకర్. అదే క్షణంలో తెర మీద మనిషి తలెత్తి వాయిద్యాల గది వైపు చూశాడు.

ఎడిటరమ్మ కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే జారాయి. తుడుచుకోలేదు. భర్త తలెత్తిన ఆ బొమ్మ దగ్గరే వీడియో ఆపి, దాన్నే చూస్తూ కూర్చుంది.

"కుర్చీలోనే ఉన్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. పనికి అన్యాయం చేసే మనిషి కాదతను. తొందరే అతని జబ్బు. "మరి ఎవరు లేరు?"

ఆ సంగతి నిదానం గారు అప్పటికే చూశాడు. వేలు పెట్టి చూపించాడు. మాస్టారి కుర్చీలో ఎర్ర ఫిడేలు ఒక్కటే పడుకుని ఉంది. ఎడిటరమ్మ వీడియో మళ్ళీ వదిలింది. కొద్దిసేపటికి మాస్టారు మెల్లగా వచ్చారు, చేతులకంటిన దుమ్ము దులుపుకున్నారు, ఫిడేలు ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నారు. అప్పుడు లైట్లు వెలిగాయి.

"ఎవరి జేబు వాళ్ళే కొట్టుకుంటారా మావయ్యా? ఆయనది ఆయనే ఎందుకు దొంగిలిస్తారు? నేను వాంగ్మూలం తీసుకోవడానికి వెళ్తే ఏమన్నారో తెలుసా? నాకెవరి మీదా అనుమానం లేదు, వెతకొద్దు బాబూ అన్నారు. ఎంత పెద్ద మనసో అనుకున్నాను."

అంతలో అతని ఫోన్ మోగింది. విన్నాడు. "ఎక్కడ?" అన్నాడు. మళ్ళీ విన్నాడు. ఫోన్ పెట్టేసి మావయ్య వైపు తిరిగేసరికి మొహంలోకి పాత ఇన్‌స్పెక్టర్ వచ్చేశాడు.

"ఫిడేలు దొరికింది. వీళ్ళింట్లోనే. సౌండ్ ఇంజనీరు గారి తీగల పెట్టెలో, తీగల కింద, దాని పెట్టెతో సహా. ఆదివారం ఆ పెట్టె కూడా వాయిద్యాల గదిలోనే ఉంది, షూటింగ్ అయ్యాక ఆయనే మోసుకెళ్ళారు. ఇప్పుడేమంటావు? తలుపు ఎవరు వేస్తేనేం, సరుకు ఎవరింట్లో ఉందో చూడాలి గానీ."

ఎడిటరమ్మ లేచి నిలబడింది. ఆ మాటలు విని పక్క గదిలోంచి సౌండ్ ఇంజనీరు వచ్చి గుమ్మంలో ఆగాడు. చేతిలో సగం చుట్టిన తీగ అలాగే ఉంది.

"నా పెట్టెలోనా?" అన్నాడు. "ఆదివారం నుంచి నేను ఆ పెట్టె తెరవనేలేదు. మీరు రోజూ స్టేషన్‌కి పిలుస్తుంటే పని ఎక్కడ చేశాను?"

"అది స్టేషన్లో చెబుదురు గాని, రండి."

"ఒక్క అయిదు నిమిషాలు బుజ్జీ," అన్నాడు నిదానం గారు. ఈసారి ఆ పేరుకి ఎవరూ కోపం తెచ్చుకోలేదు. ఆయన గొంతులో వేళాకోళం లేదు. "అమ్మాయీ, నేను వచ్చేసరికి నువ్వు చూస్తున్నది ఈ వీడియో కాదు. మాస్టారు వాయిస్తున్నారు."

"అది అసలు పాట బాబాయ్ గారూ. పెద్ద కెమెరాతో తీసింది."

"అందులోనూ జత కుదరడం లేదు."

"అవును. మూడు రోజులుగా కుస్తీ పడుతున్నాను. ముందుకి జరిపాను, వెనక్కి జరిపాను, ముక్కలు చేసి చూశాను. కమాను మాత్రం కుదరదు."

"మరి గాయని పెదాలు?"

"అవి మొదటి రోజే కుదిరాయి."

"ఒకే కెమెరా, ఒకే పాట, ఒకేసారి తీసిన బొమ్మ. పెదాలు కుదిరాయి, కమాను కుదరలేదు." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "తప్పు జరపడంలో ఉంటే రెండూ చెడాలి కదమ్మా."

ఎడిటరమ్మ ఆయన్ని చూసింది, తెరని చూసింది. భర్తని మాత్రం చూడలేదు. ఇన్నాళ్ళూ తన చేతకానితనం అనుకున్నది ఇంకేదో అయి ఎదురుగా నిలబడుతోంది. "అంటే, ఆ వాయించిన చేతులు..."

"ఆ ఫిడేలు ఒక్కటే విడిగా రికార్డయింది ఉంటుందా నీ దగ్గర? కత్తిరించకముందుది?"

"ఉంది. నేనెప్పుడూ మొదటి స్వరం దగ్గరనుంచే తీసుకుంటాను, ముందున్న ఖాళీ కోసేస్తాను."

"ఆ ఖాళీ వినిపించు."

"వద్దు," అన్నాడు సౌండ్ ఇంజనీరు గుమ్మంలోంచి. ఆ ఒక్క మాటే అన్నాడు. ఆమె అప్పటికే బటన్ నొక్కింది.

ముందు నిశ్శబ్దం. కుర్చీ కిర్రుమంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత, కమాను తీగ మీద పడబోయే ముందు, ఒక ఊపిరి. లోపలికి పొడుగ్గా తీసుకుని, మధ్యలో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తీసుకున్న ఊపిరి.

ఎడిటరమ్మ శబ్దం ఆపేసింది. కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి భర్తని చూసింది.

"పదిహేనేళ్ళుగా ఈ ఊపిరి పక్కన పడుకుంటున్నాను," అంది. "ఇది మీరు."

సౌండ్ ఇంజనీరు తల దించుకున్నాడు.

"మూడు రోజులు నాకు పని రావడం లేదని ఏడ్చాను. మీరు వాయించిన దాన్ని తీసుకెళ్ళి ఇంకొకరి చేతులకి అతికించడానికి చూశాను. పక్క గదిలో కూర్చుని ఒక్క మాట చెప్పలేదు."

"మాటిచ్చాను."

"ఎవరికి?"

"నాకు తల్లీ," అంది గుమ్మం అవతలనుంచి ఒక గొంతు.

ఫిడేలు మాస్టారు నిలబడి ఉన్నారు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తగ్గలేదు. డైరెక్టర్ ఫోన్ చేసి, ఫలానావాణ్ణి సాయంత్రం పట్టుకుపోతున్నారట అని మాటల సందర్భంలో చెప్పాడట. అంతవరకూ ఎవర్ని అనుమానిస్తున్నారో ఆయనకి తెలియదు. వింటూనే బయల్దేరి వచ్చేశారు. సౌండ్ ఇంజనీరు తీగ కింద పడేసి వెళ్ళి ఆయన్ని పట్టుకుని తీసుకొచ్చి, చెయ్యి ఊడని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఇన్‌స్పెక్టర్ బాబూ, వెతకొద్దని చెప్పాను కదా," అన్నారు మాస్టారు. "పోయిన వస్తువుని వెతుకుతారు గానీ ఇచ్చిన వస్తువుని వెతుకుతారా?"

ఇన్‌స్పెక్టర్ తడబడ్డాడు. "మరి మేనేజరు ఫిర్యాదు ఇచ్చాడు కదండీ..."

మాస్టారు కుడి చెయ్యి ఎత్తి చూపించారు. వేళ్ళు వాటి దారిన అవి సన్నగా వణుకుతున్నాయి. "ఏడాదైంది. కమాను నిలవదు. ఎవరికీ చెప్పలేదు. వాయించేవాడికి అది చెప్పుకునే మాట కాదు బాబూ. ఈ పాటకి వీణ్ణి పిలిచి, నా బదులు నువ్వు వాయించరా, ఎవరికీ చెప్పకు అన్నాను. వాయించాడు. వింటూ కూర్చున్నాను. ఇన్నేళ్ళూ మానేసినవాడు వాయించినట్టు లేదు. మానేసింది ఫిడేలు కొనలేకే గాని, మనసులో రోజూ వాయిస్తూనే ఉన్నాడని అర్థమైంది. ఆదివారం పొద్దున వీణ్ణి ఆ గదిలోకి పిలిచి, నా ఫిడేలు నువ్వు తీసుకో అన్నాను. మీరుండగా తీసుకోనన్నాడు. మొండివాడు. అందుకని దీపాలు తగ్గినప్పుడు లేచెళ్ళి వీడి తీగల పెట్టెలో పెట్టేశాను. ఇంటికెళ్ళి చూసుకుంటాడు, మళ్ళీ తెచ్చి ఇవ్వడానికి సిగ్గుపడతాడు అనుకున్నాను. మీరు వీడికి ఆ పెట్టె తెరిచే తీరిక కూడా ఇవ్వలేదు."

నిదానం గారు కళ్ళు మూసుకుని దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. కళ్ళకీ చెవులకీ మధ్య జానెడు దూరమైనా పెట్టకుండా ఇచ్చిన స్వామి, అవి రెండూ రెండు మాటలు చెప్పినప్పుడు ఎవర్ని నమ్మాలో మాత్రం మనకే వదిలేశాడు. ఎందుకలా చేశాడో. ఇలా నలుగురు ఒక గదిలో కూర్చుని నెమ్మదిగా తేల్చుకోవాలనేమో.

ఎడిటరమ్మ ముక్కు చీదుకుని కుర్చీ తెర వైపు తిప్పుకుంది. "మరి ఈ కమాను సంగతేం చెయ్యమంటారు మాస్టారూ? ఎంత జరిపినా కుదరదు."

"ఎందుకు కుదురుతుంది? నువ్వు పాటని కొయ్యకు తల్లీ. నా చేతులు తీసెయ్. రేపు పొద్దున మళ్ళీ కెమెరా పెట్టమని డైరెక్టర్‌తో నేను మాట్లాడతాను. ఎవరు వాయించారో వాళ్ళనే కూర్చోబెట్టు. ఏమీ జరపక్కర్లేదు."

"మాస్టారూ, మీ పేరు..." అన్నాడు సౌండ్ ఇంజనీరు.

"నేర్పినవాడిగా వేస్తారులే. అది అబద్ధం కాదు కదా."

సౌండ్ ఇంజనీరు నేల మీద, ఆయన కుర్చీ పక్కనే కూలబడ్డాడు. అప్పుడు మొదటిసారి అన్నాడు, "సరేనండి."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీశాడు. అందరూ అతని వైపే చూశారు. మావయ్య మాత్రం చూడలేదు, ఊడిన కుర్చీ చేతిని దాని చోట పెట్టి సరిపోతుందేమో చూస్తున్నాడు.

"హలో. ఆ ఫిడేలు పెట్టె జాగ్రత్తగా పట్టుకోండి, ఎండ తగలనీకండి. కాదయ్యా, స్టేషన్‌కి కాదు. స్టూడియోకి తీసుకురండి. లోపలికొచ్చే ముందు బూట్లు విప్పండి."